నీడపట్టున నిలుచు మొక్కలు

"మనుషులకే తాగేకి నీళ్లు సాలవు గదప్పా, ఇంగ ఇంట్లో చెట్లకేం పోస్తావు?"

రెండు పూలకుండీలను చంకనిడుకొని అనంతపురమున మా వీధి మలుపు తిరుగుచుండగా, కొళాయి వద్ద బిందెల వరుసలో నిలిచిన ఒక పెద్దమ్మ మమ్ము అడిగిన మాట యిది. ఆనాడు మేము నవ్వి ఊరకుంటిమి గాని, ఆ మాట మమ్ము విడువలేదు. నేడు ఆమెకు సమాధానము చెప్పుకొనుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ప్రశ్న న్యాయమైనదే. అనంతపురము సీమలో ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది దేశపు సగటులో సగమైనను కాదు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల మీదనే తన నీటిలో ఎక్కువ భాగమును దించుకొని, తేలికపడిన గాలియై మనవైపు వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమును తడిపినంతగా ఇంత లోపలికి వచ్చి తడుపదు. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి అను రెండు జిల్లాలుగా విడిపోయినను, మేఘములు మాత్రము ఇరువురి యెడను ఒకే తీరున పిసినితనము చూపుచున్నవి. బోరుబావులు వందల అడుగుల లోతునకు దిగినవి. ఇట్టిచోట ఇంటిలో మొక్కను పెంచుటకు ముందు, అది ఎన్ని పూలు పూయునని కాక, ఎన్ని నీళ్లు త్రాగునని అడుగుటయే వివేకము.

అయితే మన యిండ్లలో ఒక మేలు కలదు. పాత మిద్దె ఇండ్లను చూడుడు. మందమైన రాతిగోడలు, దూలముల మీద దంతెలు, వాని మీద చవుడు మట్టి కప్పు, చిన్న కిటికీలు, నడుమ వెలుతురు కొరకు పైకప్పులో ఒక గవాక్షి. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నము వీధిలో కాలు మోపలేని వేళ, అట్టి యింటి నడవలో తాడిపత్రి బండల మీద చాప పరచుకొని హాయిగా నిదురింపవచ్చును. ఎండను లోనికి రానీయని ఆ నీడయే మనకు సుఖము. కాని ఆ నీడలోనే మొక్క కూడ బ్రతుకవలసి యున్నది. కావున మనము వెదకవలసినది రెండు గుణములు కలిసిన మొక్కను: తక్కువ వెలుతురును ఓర్చుకొనునదియు, తక్కువ నీటిని ఓర్చుకొనునదియు.

ఈ విషయమున పరదేశపు పుస్తకములు మనలను కొంత త్రోవ తప్పించును. చలువగల నీడ యింటికి మొక్కలనగానే అవి ఫెర్ను జాతులను, నాచు వంటి మెత్తని తీగలను ముందు పేర్కొనును. ఆ దేశములలో చలువ యనగా మంచు దేశపు చలువ. అందు గాలిలో తేమ కూడ ఉండును. మన యింటి చలువ వేరు. మన గది చల్లగా నున్నను గాలి పొడిగా నుండును. వేసవిలో తడిగుడ్డ ఆరవేసిన ఎంతసేపటిలో ఆరునో మన గృహిణులకు తెలియును. ఆ పొడిగాలికి ఫెర్ను ఆకుల కొనలు కాగితము వలె గరగరలాడి రాలిపోవును. 19వ శతాబ్దమున ఇంగ్లండులో గ్యాసుదీపముల పొగతో నిండిన చీకటి గదులలో, జపాను దక్షిణ దీవుల నుండి వచ్చిన ఆస్పిడిస్ట్రా అను మొక్క దేనికిని లొంగక నిలిచి ఇంటింట వెలసెను. వారికి ఆ మొక్క ఎట్టిదో, మనకు అట్టిది ఏదని విచారింపవలెను.

వెలుతురును కొలుచుట

మొక్కను తెచ్చుటకు ముందు చోటును చూడవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలుతురు సుమారు లక్ష లక్సులుండును. అదే వేళ గది లోపలి మూలలో ఒకటి రెండు వందల లక్సులకు మించి ఉండకపోవచ్చును. మన కన్ను చీకటికి త్వరగా అలవాటు పడును గనుక ఈ భేదము మనకు తెలియదు, మొక్కకు తెలియును. కొలుచుటకు యంత్రము అక్కరలేదు. పగలు పన్నెండు గంటల వేళ దీపము వేయక ఆ చోట కూర్చుండి వార్తాపత్రికలోని చిన్న అక్షరములను చదువుడు. సులభముగా చదువగలిగినచో నీడమొక్క అచ్చట బ్రతుకును. కన్నులు చిట్లించవలసి వచ్చినచో ఏ మొక్కయు అచ్చట చిరకాలము నిలువదు. అట్టి మూలలో పెట్టి తీరవలెనన్న, రెండు కుండీలనుంచుకొని పదునైదు దినములకొకసారి మూలలోని దానిని వసారాలోనికి, వసారాలోని దానిని మూలకు మార్చుచుండవలెను. గవాక్షి క్రింది చోటు ఇంటిలోకెల్ల మంచి చోటు. కాని గవాక్షి నుండి ఎండ తిన్నగా పడు గడియలలో ఆకు మాడకుండ కుండీని ఒక మూర ప్రక్కకు జరుపుడు.

దాహముచేత కాదు, నీటిచేత

ఇప్పుడు ముఖ్యమైన మాట చెప్పుదుము. ఈ కరవు సీమలో సైతము ఇంటిలోని మొక్కలు చచ్చుట తరచుగా దాహముచేత కాదు, నీటి ఎక్కువచేత. మా యింటనే ఇది జరిగెను. ఎండకాలము గదా యని జాలిపడి, నడవలోని కుండీకి దినమునకొక చెంబు చొప్పున పోసితిమి. ఆకులు వాడెను. దాహమనుకొని రెండు చెంబులు పోసితిమి. వారము తిరుగక మునుపే కాండము మొదట మెత్తబడి, కుళ్లిన వాసన వేసెను.

కారణమేమనగా, మొక్క నీటిని త్రాగుట వెలుతురును బట్టి జరుగును. ఎండలోని ఆకు ఆహారమును త్వరగా తయారు చేయును. అందుకై రంధ్రములు తెరచి గాలిని పీల్చును. ఆ రంధ్రముల నుండియే నీరు ఆవిరియై పోవును. నీడలో ఆ పని మందగించును గనుక నీటి వాడకము కూడ తగ్గును. మనము పోసిన నీరు మట్టిలోనే నిలిచి, మట్టికణముల నడుమనున్న గాలిని వెళ్లగొట్టును. వేరునకును గాలి కావలెను. అది లేనిచో కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు గనుక ఆకు వాడును. వాడిన ఆకును చూచి మనము మరల నీరు పోయుదుము. దాహమునకును కుళ్లునకును పైకి కనబడు గుర్తు ఒక్కటే యగుట వలన ఈ పొరపాటు జరుగుచున్నది.

కావున ఆకును చూచి నీరు పోయరాదు. మట్టిని చూచి పోయవలెను. చూపుడువ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో ఆనాటికి నీరు వలదు. కుండీని పైకెత్తి దాని బరువును గుర్తుంచుకొనుట మరియొక ఉపాయము. ఎండిన కుండీ తేలిక, తడి కుండీ బరువు. రెండు మూడు సారులు ఎత్తి చూచినచో చేయియే త్రాసగును.

చాగ

నీడకును కరవునకును ఓర్చు మొక్కలలో మొదటి పీట చాగకు వేయవలెను. కత్తుల వలె నిలువుగా లేచిన దళసరి ఆకులు, వాని మీద అడ్డచారలు. దీని నార గట్టిది. పూర్వము వింటి నారికి వాడిరి. మన దక్షిణాపథపు మెట్టనేలలలో ఇది తనంతట తానుగా పెరుగును. నర్సరీలలో స్నేక్ ప్లాంటు అను పేర అమ్మునది దీనికి పశ్చిమాఫ్రికాకు చెందిన బంధువు. గుణము ఇంచుమించు ఒక్కటే.

ఈ మొక్క నీటిని పొదుపు చేయు తీరు చిత్రమైనది. తక్కిన మొక్కలు పగలు రంధ్రములు తెరచి గాలిని పీల్చగా, ఇది పగటివేడిలో తలుపులు బిగించుకొని రాత్రి చల్లదనములో తెరచును. రాత్రి తీసికొనిన బొగ్గుపులుసు వాయువును పులుసు రూపమున ఆకులో దాచుకొని, మరునాడు వెలుతురు రాగానే దానితో ఆహారమును వండుకొనును. వేడివేళ తలుపులు మూసియుండుటచే నీరు ఆవిరి కాదు. మన మిద్దె ఇండ్లలో గృహిణులు పగలు కిటికీలు మూసి రాత్రి తెరచుట కూడ ఇట్టి ఉపాయమే గదా.

ఈ రహస్యపు మొదటి జాడలలో ఒకటి భారతదేశముననే కనబడినదని చెప్పుకొనుట మనకు సంతోషకరము. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, సామర్లకోట వనమున రాక్స్‌బర్గు తరువాత పనిచేసిన బెంజమిన్ హెయిన్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకును వేర్వేరు వేళల రుచి చూచెను. అది ఉదయము పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉండుటను గమనించి ఒక లేఖలో వ్రాసెను. ఆ లేఖ 1815లో లండనులోని లిన్నేయను సంఘపు పత్రికలో అచ్చయ్యెను. రాత్రి చేరిన పులుసు పగలు ఖర్చగుటయే ఆ రుచిభేదమునకు కారణమని తరువాతి శాస్త్రజ్ఞులు వివరించిరి. రణపాలకు మాత్రము చాగకంటె ఎక్కువ వెలుతురు కావలెను గనుక దానికి వసారా అంచు తగును.

చాగకు వేసవిలో పదునైదు దినములకొకసారియు, చలికాలమున నెలకొకసారియు నీరు చాలును. ఆకుల నడిమి గుంటలో నీరు నిలువనీయరాదు. ఒక ఆకును మూడంగుళముల ముక్కలుగా కోసి, కోసిన చోటు రెండు దినములు ఆరనిచ్చి, క్రింది కొస క్రిందికే ఉండునట్లు ఇసుక కలిపిన మట్టిలో నాటినచో కొన్ని వారములలో వేరూనును. పసుపు అంచుగల రకమును మాత్రము దుంప విడదీసియే నాటవలెను. ఆకుముక్క నుండి వచ్చిన పిల్ల పచ్చనిదే యగును.

కంద కుటుంబము

చాగ తరువాత చెప్పదగినవి మూడు. మొదటిది జెడ్‌జెడ్ మొక్క. తూర్పు ఆఫ్రికాకు చెందిన ఈ మొక్క 1990ల చివర హాలండు నర్సరీల మూలమున లోకమంతట వ్యాపించెను. మట్టిలోని దుంపలలోను లావుపాటి కాడలలోను నీటిని దాచుకొనును గనుక, ఇంటివారు మూడు వారములు ఊరికి పోయి వచ్చినను నిగనిగలాడుచు ఎదురుచూచును. రెండవది అందరెరిగిన మనీప్లాంటు. దొంగిలించి తెచ్చిన కొమ్మయే కలిమి తెచ్చునని ఒక నమ్మకము. కలిమి మాట ఎట్లున్నను పొరుగువారితో చెలిమి చెడకుండుటకు అడిగి తెచ్చుకొనుటయే మేలు. మూడవది అగ్లోనిమా. ఆగ్నేయాసియా అడవులలో పెద్ద చెట్ల క్రింది నీడలో పుట్టినది. దీనిలో పచ్చ, వెండి రంగుల ఆకులున్న రకములే నీడకు తగినవి. ఎర్రని రకములకు వెలుతురు ఎక్కువ కావలెను.

ఈ మూడును కంద, చేమల కుటుంబమునకు చెందినవి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఆ దురదకు కారణమైన సూదుల వంటి స్ఫటికములు ఈ మొక్కల ఆకులలోను కాడలలోను కలవు. పసిపిల్ల కొరికినచో నోరు మండి, పెదవులు వాచును. కావున ప్రాకు బిడ్డలున్న యింట వీనిని నేలమీద ఉంచరాదు. గూటిలోనో, వ్రేలాడు కుండీలోనో ఉంచవలెను. కొమ్మలు కత్తిరించిన పిదప చేతులు కడుగుకొనక కన్నులు తుడుచుకొనరాదు. డంబుకేన్ అను పెద్ద మచ్చల ఆకుల మొక్క ఈ విషయమున మరింత బాధాకరము గనుక పిల్లలున్న యింటికి దానిని మేము చెప్పము.

వలదనవలసినవి

తులసి, మల్లె, గులాబి ఎండబిడ్డలు. వానిని నీడకు తెచ్చుట వానికి శిక్ష. క్రోటను నీడలో బ్రతికినను రంగులు పోయి వెలవెలబోవును. స్పైడర్ ప్లాంటు మంచిదే గాని, మన సీమలో దానికొక చిక్కు కలదు. మన బోరునీటిలో పలుచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. మనుష్యుల పండ్లను, ఎముకలను పాడుచేయు ఆ ఫ్లోరైడే ఈ మొక్క ఆకుల కొనలలో పేరుకొని వానిని గోధుమరంగునకు మాడ్చును. కొనలు మాడుచున్నవని నీరు ఎక్కువ పోసినచో ఫ్లోరైడు కూడ ఎక్కువగును. వాననీరు పట్టి ఉంచుకొనగలవారే దీనిని పెంచుట మంచిది.

మన్ను, కుండీ, నీరు

మన ఎర్రమన్ను ఒక్కటే కుండీలో నింపినచో నాలుగు తడులకు బండవలె గట్టిపడును. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు వంక ఇసుక, ఒక పాలు బాగుగ చివికిన పశువుల ఎరువు కలుపవలెను. చివికిన వేరుశనగ పొట్టు దొరికినచో గుప్పెడు కలిపిన మన్ను గుల్లగా నుండును. కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. నీడలో ప్లాస్టికు కంటె మట్టికుండీ మేలు. దాని గోడల నుండి తేమ ఆరును గనుక మన చేతి పొరపాటును అది కొంత సవరించును. గోదావరి ఒడ్డున కడియము నర్సరీల నుండి వచ్చు మొక్కలు తేమగాలిలో పెరిగినవి. కొన్నిటి వేళ్లచుట్టు బంకమన్ను ఉండును. వానిని తెచ్చిననాడే లోపలి మూలలో పెట్టక, పది పదునైదు దినములు వసారాలో ఉంచి మన గాలికి అలవాటు చేసిన పిదప కుండీ మార్చవలెను.

ఇక నీటి లెక్క. రెండు చాగలు, ఒక జెడ్‌జెడ్, ఒక మనీప్లాంటు, ఒక అగ్లోనిమా. అన్నియు ఎనిమిదంగుళముల కుండీలే. తడవకు అర లీటరు అనుకొందము. వేసవి నెలలో చాగలకు, జెడ్‌జెడ్‌కు రెండేసి తడులు చొప్పున మూడు లీటర్లు. మనీప్లాంటునకు వారమునకొకటి చొప్పున రెండు లీటర్లు. అగ్లోనిమాకు అయిదు దినములకొకటి చొప్పున మూడు లీటర్లు. మొత్తము ఎనిమిది లీటర్లు. నెలకొక చిన్న బిందె. ఈ నీరైనను క్రొత్తగా తేనక్కరలేదు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటిని ఉప్పు తగులకుండ అప్పటికప్పుడే పోయవచ్చును. నిలువ చేసినచో పులిసి ఈగలు ముసరును. సబ్బునీరు మాత్రము పోయరాదు. కుండీ అంచున తెల్లని పొక్కు కట్టినచో బోరునీటి ఉప్పు పేరుకొనినదని గుర్తు. తొలకరి వాన కురిసిననాడు కుండీలను మిద్దె తూము క్రింద గంటసేపు ఉంచినచో ఆ ఉప్పు కడుగుకొనిపోవును.

మరి రెండు జాగ్రత్తలు చెప్పవలెను. మనీప్లాంటును నీటి సీసాలో పెంచువారు వారమునకొకసారి తప్పక నీరు పారబోసి, సీసాను లోపల రుద్ది కడుగవలెను. డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి తేటనీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగా ఎగురుటకు వారము పది దినములు చాలును. కుండీ క్రింది పళ్లెములో నిలిచిన నీరును అట్లే పారబోయవలెను. రెండవది దుమ్ము. ఆషాఢపు గాలులు మన సీమలో ఎర్రదుమ్మును ఇంటి మూలమూలకు చేర్చును. ఆకు మీది దుమ్ము ఉన్న కొద్ది వెలుతురును అడ్డగించును గనుక వారమునకొకసారి తడిగుడ్డతో తుడువవలెను. కుండీని రేడియో మీద మాత్రము పెట్టవలదు. తడి తగిలినచో మాటయు పాటయు రెండును పోవును.

ఈ మొక్కలు ఇంటిగాలిలోని విషములనెల్ల హరించునని, రాత్రివేళ ప్రాణవాయువు నిచ్చునని అంగళ్లలో చెప్పుచుందురు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ శాస్త్రజ్ఞులు మూసిన చిన్న గదులలో చేసిన ప్రయోగము నుండి ఈ మాట పుట్టినది. కాని అట్టి ప్రయోగములను తిరిగి లెక్కించిన పరిశోధకులు, కిటికీ తెరచుటతో సమానమైన ఫలితము రావలెనన్న గదిలో చదరపు మీటరుకు పది మొదలు వేయి మొక్కల వరకు కావలసియుండునని 2019లో తేల్చిరి. ప్రాణవాయువు కూడ వెలుతురున్నప్పుడే పుట్టును. చాగ రాత్రి పీల్చుకొనునది బొగ్గుపులుసు వాయువునే. కావున గాలికి కిటికీ తెరువుడు. కంటికి మొక్కను పెంచుడు.

కంటికి పచ్చదనము మాత్రము అక్కరయా? తొమ్మిది నెలలు గోధుమవన్నె బీళ్లను, ఎండిన చెరువులను చూచు వారికి ఇంటిలో నాలుగు పచ్చని ఆకుల విలువ చెప్పనక్కరలేదు.

ఇదిగో, పెద్దమ్మా, మా సమాధానము. మీ బిందెలో నీరు మేము అడుగము. బియ్యము కడిగిన నీళ్లు చాలును. మొన్న ఒక చాగ పిల్లను చిన్న మట్టికుండలో నాటి ఆమె గడపలో ఉంచి వచ్చితిమి. "దీనికి దినామూ నీళ్లు పోయాల్నా?" అని అడిగెను. "వద్దమ్మా, రోజూ పోస్తేనే చచ్చిపోతుంది" అంటిమి. ఆమె కొంతసేపు ఆ కత్తుల వంటి ఆకులను చూచి, "అయితే ఇది మన ఊరి చెట్టేలే" అనెను.